తప్పు చేసి చూపించండి

విజయవాడలో ఓ ప్రైవేటు ఆసుపత్రి ల్యాబు. రిపోర్టులు కంప్యూటర్లో ఎక్కించే హెలెన్ పక్కన, కొత్తవాళ్లకి కంప్యూటర్ నేర్పే బొమ్మల పాఠాలు తయారుచేసే రుచిత కూర్చుంది. అడిగినవాళ్లకి కాదనడం హెలెన్‌కి పుట్టుకతోనే రాదు.

"మళ్లీ ఓసారి ఆంటీ. మౌసు బాణం మరీ పరుగెత్తింది, మెల్లగా కదపండి."

"ఇట్టాగా? ఇదంతా ఫోన్లో కూడా కనబడుద్దా రుచితా?"

"లింకు నొక్కితే బ్రౌజర్లో వచ్చేస్తుంది. బాణం కదులుతుంది, మీరు నొక్కినచోట ఎర్ర సున్నా పడుతుంది, వెనకాల మీ మాట వినబడుతుంది."

"నా మాటా? మా అబ్బాయి ఎలీషా నవ్వి చస్తాడు."

"ఇప్పుడు తప్పు చేసి చూపించండి."

"తప్పెందుకమ్మా?"

"తప్పు చూస్తేనే కదా ఒప్పు తెలిసేది. పోయిన నెల మైలవరం పాపకి రక్తం గ్రూపు తప్పుపడింది కదా, అదే."

"అది నేను చెయ్యలేదు. అన్నానికి లేచా. నా సీట్లో మన ల్యాబు ఇన్‌ఛార్జి లక్ష్మీకాంత్ గారు కూర్చున్నారు. లాగౌట్ చేసి లేచే అలవాటు ఇక్కడ ఎవరికుంది? అంతా నా పేరు మీదే పడింది. పాప పోయింది రుచితా."

"తెలుసాంటీ."

"రేపు విచారణ కమిటీలో ఇదే చెబుతా. ఉద్యోగం పోతే పోయింది, జైలంటున్నారు."

"చెప్పండి. ఇది వేరే, ఇది పాఠం. రేపు చేరే పిల్లలు ఇంకో పాపని చంపకూడదు కదా."

"అవును, అదీ నిజమే. సరే చూడు. గ్రూపు ఎంచుకోకుండా ఎంటర్ కొడితే, అంతకుముందు పేషెంటు గ్రూపే దిగుద్ది."

"కొడితే కాదు. 'నేను కొట్టాను' అనండి. మా పాఠాలన్నీ అట్లాగే ఉంటాయి."

"నేను గ్రూపు చూసుకోకుండా ఎంటర్ కొట్టాను. చాలా?"

"పాప నంబరు కూడా."

"నంబరెందుకే?"

"నిజం కేసైతే పిల్లలకి గుర్తుంటుంది."

"నాలుగు వందల పదిహేడు. నాలుగు వందల పదిహేడుకి నేను గ్రూపు చూసుకోకుండా ఎంటర్ కొట్టాను."

"అయిపోయిందాంటీ. చాలా బాగా చెప్పారు."

"ఏడుపొచ్చింది, వినబడిందా?"

"వినబడింది. ఉంచేస్తా."

"ఎప్పుడు చూపిస్తారమ్మా పిల్లలకి?"

"రేపు పదింటికి, కమిటీ గదిలో. మీరు రానక్కర్లేదంట ఆంటీ, ఇది చాలన్నారు లక్ష్మీకాంత్ గారు."