నాయన ఆర్పిన ఎర్రలైటు

నాయన టాక్సీలో ఆ ఎర్రలైటు ఆర్పింది నేను. ఈ మాట ఇంతవరకూ నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు.

స్టీరింగు వెనక, ఇంజనుకి ఆయిల్ సరిగా అందకపోతే వెలిగే లైటు అది. వేసవి పొడుగునా వెలుగుతూనే ఉండింది. నాయన మునిరామయ్యది పూతలపట్టు క్రాసులో పాత డీజిల్ టాక్సీ. దాన్ని మొదట్నుంచీ చూసే మెకానిక్ ఏబెల్ చిన్నాయన. చిన్నాయన అని పిలవడమే గాని చుట్టరికం లేదు. నాయనకి చిన్నప్పటినుంచీ స్నేహితుడు. ఆయన ఆయిల్ మార్చాడు, స్విచ్చి మార్చాడు, పంపు విప్పి కడిగాడు. చేతిలో పని ఉన్నంతసేపూ లైటు ఆరిపోయేది, బండి షెడ్డు దాటేలోపల మళ్ళీ వెలిగేది. చివరికి ఇంజను దించాలన్నాడు. "పని రాదని ఒప్పుకోరాదా" అని నాయన మునెమ్మత్త టీ బంకు ముందర, నలుగురూ వింటుండగా అరిచేశాడు. చిన్నాయన స్పానర్ కింద పెట్టి వెళ్ళిపోయాడు. ఇప్పుడు పలమనేరులో ఎవరి షెడ్డులోనో పని చేస్తున్నాడు.

ఆ తర్వాత అమావాస్యకి బండి కడుగుతూ చూశాను. బానెట్ లోపల దిష్టికి కట్టే నిమ్మకాయ. దారమైతే వేడికి తెగిపోతుందని నాయన ఇనుప తీగతో కట్టాడు. ఆ తీగ కొస పోయి ఆయిల్ స్విచ్చి మొనకి తగులుతోంది. తగిలినంతసేపూ లైటు వెలుగుతుంది, అంతే. పదితో చదువు మానినదాన్ని, దొరికిందల్లా చదువుతాను. తిరుపతిలో పాత పుస్తకాల అంగట్లో కొన్న మోటారు పుస్తకంలో ఆ స్విచ్చి బొమ్మ చూసి ఉన్నాను.

చిన్నాయన ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. స్నేహితుడి దేవుడి కాయ కదా అని, పని మొదలుపెట్టే ముందు దాన్ని విప్పి ఉతికిన గుడ్డలో పెట్టేవాడు, పనైనాక ఉన్నది ఉన్నట్టే కట్టేవాడు. అంత మర్యాదగా కట్టబట్టే లైటు ఆరలేదు.

నేను తీగ తీసేసి నూలుతాడు కట్టాను. లైటు ఆరిపోయింది. చెబితే ఇద్దరికీ తలవంపులని చెప్పలేదు. దానంతటది ఆరిపోయిందంటే నాయన నోరు ఊరుకుంటుందా? కథ మొదలైంది. నిన్న మధ్యాహ్నం క్యారియర్ ఇవ్వడానికి పోయి, బంకు బెంచీ కొసన కూర్చుని మళ్ళీ విన్నాను.

"పెద్ద పనేం కాదులేప్పా," అంటున్నాడు నాయన. "స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకి ఆనించి, పిడి సెవులో పెట్టుకుంటే సాలు. నేను విన్నా, ఏబెల్ విన్నాడు. ఇంజను మాట్లాడతా ఉండాది! ఏమనిందో తెలుసునా?"

"ఏమనిందన్నా?" అన్నాడు చెంగయ్య. బెల్లం మండీలో తూకం వేసే మనిషి. ఈ కథ వినడానికే రోజూ టీ చల్లారబెట్టుకుంటాడు.

"'రామయ్యా, నాకు ఆయిలు సాలు, ముందు వాడికి టీ ఇప్పించు' అనింది. నమ్మకపోతే ఏబెల్‌నడుగు."

"ఇంజను తెలుగులోనే మాట్లాడిందా?"

"మద్రాసు నంబరు బండి గదప్పా, మొదట్లో అరవమే మాట్లాడతా ఉండె. ఏబెల్ సెయ్యి పడినాకే తెలుగొచ్చింది. సరే, మొగిలి ఘాట్ దిగతా ఉండాం. ఉండేకొద్దీ లైటు పెరిగిపోయి రోడ్డంతా ఎరుపు. ఎదురొచ్చే లారీలన్నీ ఆడికాడికే నిలబడినాయి, రైల్వే గేటు పడిందనుకోని! కొండమీద రైల్వే గేటేందిరా అని ఒక్కడన్నా ఆలోచించాల గదా? ఏబెల్ దిగి పచ్చ తువ్వాలు ఊపితే అప్పుడు కదిలినాయి, ముప్పై లారీలు."

"మొన్న ఇరవై అంటివే."

"తక్కినవి మలుపు ఆ పక్కన ఉండె, మొన్న కనబళ్ళా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పాకాల జంక్షన్‌లో రైలే ఆగిపోయింది! డ్రైవరు దిగొచ్చి, 'సామీ, మీ లైటు ఆరితే గాని నా బండి కదలదు, లోపల పెళ్ళికూతురుండాది, ముహూర్తం దాటిపోతా ఉండాది' అని సేతులు పట్టుకున్నాడు. నేను ఏబెల్ మొకం సూసినా. వాడు ఒక్క మాటన్నా మాట్లాడలా. అరసెయ్యి తెచ్చి లైటు మీద మూసినాడు. సెయ్యి కాలతా ఉండాది, లోపల ఎముకలు కనబడతా ఉండాయి, తీస్తేనా! రైలు పోయింది, పెళ్ళి జరిగింది. ఆ పిల్లకి పుట్టిన కొడుక్కి ఏం పేరు పెట్టినారనుకుంటివి? ఏబెల్ రెడ్డి! రేషన్ కార్డులో ఉండాది, పోయి సూసుకో."

బెంచీ మీద అందరూ నవ్వారు. నాయనకి ఊపు వచ్చేసింది.

"ఇంగ శ్రీహరికోట సంగతి. రాకెట్ లేవాల, పది, తొమ్మిది, ఎనిమిది అని లెక్క పెడతా ఉండారు. పెద్దసారు దుర్భిణిలో సూసి, 'ఆపండ్రా, చిత్తూరు పక్క అంగారకుడు దిగినాడు' అన్నాడు. జీపొచ్చి మమ్మల్ని ఎక్కించుకోని పోయింది. 'ఎట్లాగూ వచ్చినారు గదా, మాదాన్ని గూడా ఒకతూరి వినండప్పా' అన్నాడు సారు. నిచ్చెన వేసినారు. ఏబెల్ ఎక్కినాడు, స్క్రూడ్రైవర్ ఆనించినాడు, కండ్లు మూసుకున్నాడు. కింద అంతమంది సైంటిస్టులు, ఒక్కడు దగ్గితే ఒట్టు. వాడు పైనుంచి తొంగి సూసి, 'రామయ్యా, దీనికేం లేదు, పోనీ' అన్నాడు. పోయింది! అది లేసిన గాలికి నా బండిలో లైటు ఉఫ్‌మని ఆరిపోయింది. నేనేం సేసినానప్పా అందులో, పక్కన నిలబడినా, అంతే. ఇంజను మనసు తెలిసినోడు ఈ జిల్లాలో ఒక్కడే. నమ్మకపోతే ఏబెల్‌నడగండి."

మొదటిసారి చెప్పినప్పుడు లైటు మీద చెయ్యి పెట్టింది నాయనే. రాకెట్ ఎక్కిందీ నాయనే. చెప్పిన ప్రతిసారీ తాను ఒక అడుగు పక్కకి జరిగి చిన్నాయనకి చోటిస్తూ వచ్చాడు.

మునెమ్మత్త గ్లాసులు కడుగుతూనే అంది: "యాడుండాడని అడిగేది రామయ్యా? ఇదే బంకు ముందర నువ్వే గదా తిట్టి పంపిస్తివి. లైటు ఆరి ఇన్నాళ్ళాయ. పోయి ఒక్క మాటన్నా సెప్పినావా వాడికి?"

చెంగయ్య చల్లారిన టీని ఒక్క గుక్కలో తాగేశాడు.

"చక్కెర తక్కువేసినట్టుండావే అక్కా," అన్నాడు నాయన.

"సరిగ్గానే ఉండాది."

అడిగిన ప్రతిదానికీ ఇంకో లారీ తెచ్చి నిలబెట్టగల మనిషి గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు. "ఎట్ల సెప్పేదక్కా," అన్నాడు. "లైటు ఆరిపోయిందని నేను పోయి నిలబడితే, వాని వల్ల గానిది నా వల్లయిందని ఎగతాళికొచ్చినాననుకోడా? వాడు అట్ల అనుకుంటే నేను తట్టుకోలేనక్కా."

క్యారియర్ తెరవకుండానే లేచి బండి దగ్గరికి పోయాడు.

ఇద్దరి పరువూ కాపాడుతున్నాననుకున్నాను. ఇద్దరి మధ్యా దారికి అడ్డంగా కూర్చున్నది నా మౌనమేనని ఆ బెంచీ మీద తెలిసింది. ఆర్పింది నాయన కాదని చిన్నాయనకి తెలిస్తే నాయన పోగలడు, ఆయనా రాగలడు. వెలిగించింది ఎవరి చేతులో తెలిస్తే, ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారేమో. నవ్వరేమో. అది వాళ్ళు తేల్చుకోవాలి, నేను కాదు.

చిన్నాయన పనిచేసే షెడ్డు పక్కన టైర్ల అంగడికి ఫోనుంది. రేపు పొద్దున క్రాసులో ఎస్టీడీ బూత్ తెరవగానే పోతాను. ఏబెల్‌ని పిలవమంటే ఎవరో ఒకరు కేక వేస్తారు. ఏ బండి కిందో వెల్లకిలా పడుకుని ఉంటాడు. బయటికి పాక్కుంటూ వచ్చి, లేచి, చేతులు తుడుచుకుని ఫోను అందుకునేదాకా ఇక్కడ మీటరు తిరుగుతుంది. తిరగనీ.