బతికుండంగానే నీళ్లొదిలిన చెల్లెలు

ఏం గంగులప్పా, ఆ పండ్లికిలించేది ఆపు. రెడ్డెమ్మ పేరెత్తితే నీకు నవ్వెట్ట వస్తుంది? సాయిబును చేసుకుందని నవ్వుతావా? ఆ పిల్ల కర్మ భోజనానికి ముందు పంక్తిలో కూచుని, వడలు రెండోసారి అడిగి వేయించుకున్నోడివి నువ్వు. బతికుండే ఆడపిల్ల కర్మ కూడు తిని అరిగించుకున్నావు, ఇప్పుడీ కథ గూడా విని అరిగించుకో. కూచో. పోయేవాళ్లుంటే ఇప్పుడే పోండి, మధ్యలో లేస్తే నేనొప్పుకోను.

రెడ్డెమ్మ అంటే మన నాగయ్య చెల్లెలు. తల్లీదండ్రీ లేరు, అన్నే అన్నీ. కువైట్‌కు ఇంటిపనికి పోయింది. ఆ పిల్ల డబ్బు పంపితేనే కదా నాగయ్యకు మిద్దె లేచింది, సరే, అది వదిలేద్దాం. అక్కడ ఏమైందంటే, పెద్ద ఇల్లు, ఇంటినిండా మనుషులు, ఒక్కరికీ మన మాట రాదు. పొద్దున లేస్తే గిన్నెలు, గుడ్డలు, పిల్లోళ్లు. తలకాయ ఊపేది, చేత్తో చూపించేది, అంతే అంట మాటలు. కొన్నాళ్లకు ఆ పిల్లకు తన పేరు తనకే కొత్తయిపోయింది అనుకో. స్నానాల గదిలో కొళాయి తిప్పి, ఆ చప్పుడులో "రెడ్డెమ్మా, ఓ రెడ్డెమ్మా" అని తన్ను తనే పిలుచుకునేదంట. మనకు గడప దాటితే పదిమంది పలకరిస్తారు, దాని విలువ మనకేం తెలుసు? ఒకరోజు చెత్త పారేసేదానికి గేటు కాడికొచ్చింది. పక్కింట్లో కారు తోలే మనిషి కారు తుడుస్తా ఉండాడు. హుసేన్ పీరా అని, మన రాయచోటి పక్కోడే. "ఏమ్మా, ఏ ఊరు మీది?" అన్నాడంట, మన మాటలో. అంతే, ఆ పిల్ల చెత్త సంచి చేతిలో పట్టుకునే బోరున ఏడ్చేసింది. ఆయన బెదిరిపోయి, "నేనేమన్నానమ్మా, ఊరే కదా అడిగింది" అన్నాడంట.

అట్ట మొదలైంది. గేటు కాడ రెండు మాటలు, సెలవిస్తే శుక్రవారం మనోళ్లు గుమిగూడే చోట ఒక టీ. చేయి పట్టుకున్నోడు కాదు, మాట జారినోడు కాదు. ఓ శుక్రవారం పెళ్లి మాటొచ్చింది. "నేను బొట్టు తీయను" అనిందంట ఆ పిల్ల. "నేను నమాజు మానను" అన్నాడంట ఆయన. నీ దేవుడు నీకు, నా దేవుడు నాకు, కూడు మాత్రం ఒకే సట్టిలో అనుకున్నారు. ఎవరి మతం వాళ్లకుంచి పెళ్లి రాసేది అక్కడుండే మన దేశపు ఆఫీసులో. దానికి పాస్‌పోర్టు నడుస్తా ఉండాల. రెడ్డెమ్మది ముగిసే కాలం వచ్చింది. అది ముగిస్తే అకామా గూడా పోతుంది. అకామా అంటే ఆ దేశంలో ఉండేదానికి వాళ్లిచ్చే అనుమతి. అది లేకపోతే పోలీసు కనపడితే చాలు దాక్కోవాల్సిందే. కొత్త పాస్‌పోర్టుకు పెడితే ఊరికి పోలీసాయన వచ్చి విచారిస్తాడు. అందుకని అన్నకు ఫోన్ చేసి, అన్నా, విచారణకొస్తారు, మా చెల్లెలేనని ఒక్క మాట చెప్పు చాలు అనింది. అంతటితో ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. అన్న దగ్గర దాచేది తప్పని, ఆ ఫోనులోనే పీరా సంగతి గూడా చెప్పేసింది.

నాగయ్య ఫోన్ పెట్టేసి ఏం చేసినాడో మీరంతా చూసినోళ్లే. చెల్లెలి ఫోటోకు దండేసినాడు. గుండు కొట్టించుకున్నాడు. ఏటికాడికి పోయి నీళ్లొదిలి, ఊరంతటికీ కర్మ భోజనం పెట్టినాడు. కులం దాటి పోయినోళ్లకు అట్ట చేసేది వెనకటి ఆచారమంట. కోపమొచ్చింది, నీళ్లొదిలినాడు, అంతవరకైతే అది వాళ్లింటి సంగతి. అయితే పోలీసాయన రానే వచ్చినాడు. రెడ్డెమ్మ నీకేమవుతుందయ్యా అంటే, నున్నటి గుండు చూపించి, "మా చెల్లెలు సార్. చచ్చిపోయింది, కర్మ గూడా చేసినాం, ఊళ్లో అడగండి" అన్నాడు. మరి కువైట్ నుంచి అర్జీ పెట్టిందెవరంటే, "ఎవరో దొంగమనిషి సార్, మా చెల్లెలి పేరు పెట్టుకుని తిరగతా ఉంది" అని సంతకం చేసినాడు. మిమ్మల్నడిగితే మీరేమన్నారు? "అవును సార్, తిన్నాం" అన్నారు.

అక్కడ ఆఫీసు కిటికీ కాడ, ఈ మనిషి చనిపోయిందని ఊరి నుంచి రాసినారమ్మా, నువ్వెవరు, అన్నారంట. "నేనే సార్ రెడ్డెమ్మను" అనింది. అది మీ ఊళ్లో ఎవరన్నా చెప్పాలమ్మా అన్నారు. ఇంకేం చేస్తుంది? మిద్దెమీద ఆరేసిన గుడ్డల మధ్య కూచుని ఊరికి ఫోన్లు చేసింది. గంగులప్పా, నీకూ చేసింది కదా. "చిన్నాయనా, నా గొంతు గుర్తుపట్టలేదా?" అనింది కదా. నువ్వేమన్నావు? "పట్టినానమ్మీ, అయితే కర్మ కూడు తిన్న నోటితో బతికుందని ఎట్ట చెప్పేది?" అని పెట్టేసినావు. పాస్‌పోర్టు ముగిసింది, అకామా పోయింది, ఆ ఇంటోళ్లు వద్దన్నారు. ఎవరిదో గదిలో ఓ మూల, కిటికీకి అట్టముక్క కొట్టుకుని, బయట కాలు పెట్టకుండా నెలలకు నెలలు. పీరా శుక్రవారం అన్నం తెచ్చి తలుపు కాడ పెట్టేవాడంట. పెళ్లి కాలేదు కాబట్టి లోపలికి రాడు. గడప అవతల నిలబడి "రెడ్డెమ్మా" అని పిలిచి, లోపల్నుంచి పలికినాక పోయేవాడు. వారమంతా కలిపి ఆ పిల్లకు ఆ ఒక్క పిలుపే.

ఆఖరికి ఏమైందంటే, పీరా తల్లి కాశింబీ బస్సెక్కి మన పోలీస్ స్టేషన్‌కు వచ్చింది. ఆ పిల్ల నాకు కాబోయే కోడలు సారూ, బతికే ఉంది, అనింది. నీకెట్ట తెలుసు అంటే, "నిన్న ఫోన్ చేసి పప్పులో గోంగాకు ఎప్పుడెయ్యాలని అడిగింది. చచ్చినోళ్లకు పప్పు చింత ఉంటుందా సారూ?" అనిందంట. స్టేషన్లోనే ఫోన్ కలిపి మొగం చూపించింది. పాత ఫోటోతో సరిచూసుకున్నారు. నాగయ్య మీద కేసయింది. తిన్నోళ్లందరినీ పిలిచి పొద్దుగూకేదాకా స్టేషన్లో కూచోబెట్టినారు. ఆపొద్దే మీరంతా ఒట్టు పెట్టుకున్నారు, నాగయ్య ఇంటి సంగతి ఎవరడిగినా నోరు తెరవకూడదని. రెడ్డెమ్మకు పాస్‌పోర్టు వచ్చింది, ఆ దేశమోళ్లు తప్పులు మాఫీ చేసిన రోజుల్లో అకామా గూడా వచ్చింది, పెళ్లి రాసుకున్నారు. ఆ పిల్ల తరఫు సాక్షి ఎవరంటే ఒక్కరూ లేరు. వరసలో వెనక నిలబడిన ఎవరో అరవాయన జాలిపడి సంతకం పెట్టినాడంట.

ఇక నాగయ్య. కోర్టులో తప్పొప్పుకుని జుల్మానా కట్టి బయటపడినాడు. "రేపు నన్ను గూడా ఫోటోకెక్కిస్తావు" అని పెండ్లాం పిల్లోళ్లను తీసుకుని పుట్టింటికి పోయింది. ఇక తనే కువైట్ పోదామని పాస్‌పోర్టుకు పెట్టినాడు. పోలీసాయన వచ్చి, నాగయ్య ఈయనేనా అంటే మీరేమన్నారు? "ఆ ఇంట్లో ఎవరు బతికుండారో ఎవరు పోయినారో మేం చెప్పలేం సార్" అన్నారు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోయినాడు. అప్పుడు నాగయ్య చెల్లెలికి ఫోన్ చేసి, అమ్మీ, నేను మీ అన్ననని నువ్వన్నా చెప్పు తల్లీ అన్నాడంట. ఆ పిల్ల ఏడ్చిందంట. తిట్టలేదు, శాపం పెట్టలేదు. "నా మాట చెల్లుతుందా అన్నా? నీళ్లొదిలిన మనిషిని కదా" అనింది.

ఇప్పుడు ఆ మిద్దె ముందర కూచుని వచ్చేపోయేవాళ్లను "ఏం బా, యాడికి?" అని అడగతా ఉంటాడు. ఎవరూ పలకరు. నిన్న నువ్వు గూడా తల దించుకుని పోయినావు గంగులప్పా, నేను చూసినా. సందేళకు లోపలికి పోయి తలుపేసుకుంటాడు. పక్కింటోళ్లు చెప్పినారు, ఆ తలుపెనక ఒకటే గొంతంట, తన గొంతే: "నాగయ్యా, ఓ నాగయ్యా" అని.