హుసేనమ్మ హాజరు

"అవ్వా, ఈ బొంత ఎవరు కుట్టింది? కుట్లన్నీ తాగినోడు నడిసినట్ల పోయినాయే!"

నేనే కుట్టింది. నగు, బాగా నగు. అది నాకు పదో తరగతిలో పడిన శిక్ష పాపా. శిక్షంటే శిక్షే, మా హెడ్మాస్టరు యేసినాడు, అందరి ముందర. ఏమిటికంటే... నీ మాదిరే నాకూ మైకు సిక్కితే ఇడిసిపెట్టేది తెలిసేది గాదు, అందుకు. నువ్వు కాలేజీలో ఎదుటోళ్లను మాట్లాడనియ్యవంట గదా, మీ నాయన సెప్తాండె. యాడికి పోతాది, నా రక్తమే. కూసో, సెప్తా. బొంత మీద గాదు, పక్కకు జరుగు. ఏందది, ఫోను ఆడ పెట్టినావు? రికార్డు జేస్తాండావా? సెయ్యి, నాకేం భయం.

అది డెబ్బై తొమ్మిదో, ఎనభయ్యో. మా అక్క పెండ్లి అయిన మరుసటేడు... లేదు లేదు, అది సిన్నక్క పెండ్లి. సరే, ఆ మధ్యలోనే. అప్పుడు ఆదోనిలో పావలా ఇస్తే పొట్లం నిండా బొరుగుల ఉగ్గాని, పైన మిరపకాయ బజ్జీ ఒకటి ఊరికే పెడతాండె. ఇప్పుడు బజ్జీ కొంటే లోపల మిరపకాయ యాడుందో ఎతుక్కోవాల.

మా క్లాసులో మగపిల్లోళ్లు నలభై మందికి పైన, ఆడపిల్లలం ఆరు మంది. బడి యెనకనే దూది మిల్లు. మిల్లు సైరను కూసిందంటే సారు మాట సారు నోట్లో ఉండంగానే మేము పుస్తకాలు మూస్తాంటిమి. పత్తి వచ్చే దినాల్లో కిటికీలో నుంచి దూది ఎగిరొచ్చి తలల మీద పడతాండె. మధ్యాన్నానికి క్లాసులో అందరికీ తల నెరిసిపోతాండె! అప్పుడు నగుకుంటిమి, ఇప్పుడు నిజంగానే నెరిసె.

ఆ ఆరు మందిలో ఒకామె హుసేనమ్మ. దూదేకులోళ్ల పిల్ల. వాళ్ల నాయన పీరన్న మామ, ఆయప్ప విల్లు పట్టి టంయ్ టంయ్‌మని దూది ఏకుతాంటే సందు సందంతా ఇనపడేది. పరుపులు, దిండ్లు, బొంతలు. ఆయప్ప ఏకితే, వాళ్లమ్మ కుట్టేది. మేము తొమ్మిదో తరగతిలో ఉండంగా వాళ్లమ్మకు ఉబ్బసం పట్టుకునె. దూది దుమ్ముకే వచ్చిందనిరి. దూది దగ్గరికి పోతే ఊపిరి ఆడదు. ఇంగ కుట్టేదెవురు? హుసేనమ్మే. పొద్దన్నే సూది పట్టుకుంటే మధ్యాన్నం దాకా కుట్టి, తిని, అప్పుడు బడికి వస్తాండె.

మధ్యాన్నం వస్తే మరి పొద్దన హాజరు? అదీ కత. హాజరు సాలకపోతే పదో తరగతి పరీక్షకు హాల్‌టికెట్ ఇయ్యరు. ఆయమ్మ ఇంట్లో ఒకసారి సదువు ఆగితే మళ్ల మొదలు పెట్టేది లేదు, అది మాకు తెలుసు, ఆయమ్మకూ తెలుసు. అందుకని మేము అయిదు మందిమి ఒక ఏర్పాటు జేసుకున్నాము. హాజరు తీసుకునేది లెక్కల నారాయణ సారు. ఆయప్పకు సోడాబుడ్డి అద్దాలు. రిజిస్టరులో తలకాయ పెట్టినాడంటే కడాకు గానీ పైకెత్తడు. 'హుసేనమ్మ' అంటాడు. మాలో ఒకరం 'ప్రెజెంట్ సార్' అంటాము. అంతే.

అంతే అంటే అంత సులభం గాదులే! దూది దుమ్ముకు ఆయమ్మ గొంతు బొంగురు. 'ప్రెజెంట్' అనే ముందర సన్నగా ఒక దగ్గు దగ్గుతాది. ఆ దగ్గు కుదరాల. మాపటేల ఇంట్లో నేను గిన్నెలు తోముకుంటా ఆ దగ్గు నేర్సుకుంటాంటే, మాయమ్మ 'ఏమ్మే, జలుబు జేసిందా' అని మిరియాల కషాయం పోసె. మూడు దినాలు తాగినా, నిజం సెప్పలేక.

ఒక దినం ఏమయ్యిందంటే, ఎవరి వంతో మరిసిపోయి ఇద్దరం ఒక్కసారే పలికితిమి. సారు తల ఎత్తినాడు. 'ఏమ్మా, ఎంతమంది హుసేనమ్మలున్నారు?' మా పని అయిపాయె అనుకుంటిమి. అప్పుడు ఈరన్న అని ఒకడుండె, ఎమ్మిగనూరు మగ్గాలోళ్ల పిల్లోడు, ఆదోనిలో మేనమామ ఇంట్లో ఉండి సదువుతాండె. వాడు లేసి, 'సార్, గొంతు గోడకు తగిలి ఎనక్కి వచ్చింది సార్. ఈ రూము అట్లాంటిది' అనె. సారు గోడ తట్టు సూసినాడు. గోడ ఏం సెప్తాది? మళ్ల తల వంచుకున్నాడు. అప్పట్నుంచి మగపిల్లోళ్లు కూడా మాలో కలిసిరి. మేము అయిదు మందిమీ అమ్మవారు పోసి పండుకున్న వారం రోజులు, హుసేనమ్మ గొంతు పలికింది ఎవరనుకున్నావు? ఈరన్నే! దగ్గుతో సహా!

ఊరికే హాజరు పలికితే సదువు వస్తాదా అంటావు. రాదు. అందుకే మాపటేల నేను వాళ్లింటికి పోయి, పొద్దన జరిగిన పాఠాలన్నీ సెప్తాంటి. పక్కన మామ విల్లు టంయ్ టంయ్. దాని మీద గొంతెత్తి సెప్పాల. సాగదీస్తే ఆయమ్మ సూది ఎత్తి 'కుట్టెయ్యమంటావా నోరు' అంటాండె. వక్తృత్వ పోటీల్లో నాకు స్టీలు పళ్లెం వచ్చింది గదా, మీ నాయన తినేది, ఆ గొంతు నాకు ఆడనే వచ్చింది. బడిలో రాలేదు.

సరే, పదో తరగతి అయిపోవచ్చె. వీడ్కోలు మీటింగు. బెంచీలు జేర్సి స్టేజీ కట్టినారు. అందరికీ ఉగ్గాని బజ్జీ. 'మా తరగతి చరిత్ర' అని నగించేటట్ల ఒకటి రాసి సదవమని నాకు అప్పజెప్పినారు. రాసినా. సారుకు సూపించినా. మేక క్లాసులోకి వచ్చి సోషలు మ్యాపులో సగం దేశాన్ని తినిపోయింది, ఈరన్న సైన్సు పరీక్షలో కప్ప బొమ్మ గీసి కింద 'ఇది కప్ప, నమ్మండి' అని రాసింది, ఇట్లాంటివి. అంతా మంచి మాటలే.

హెడ్మాస్టరు ముందు వరసలో కూసున్నాడు. ఆయన నగంగా అంతకు ముందు ఎవరూ సూసింది ల్యా. ఆ దినం నగినాడు పాపా! మ్యాపు మేక కాడ కండ్లద్దాలు తీసి తుడుసుకున్నాడు. అంతే, నాకు తల తిరిగిపాయె. కాగితం పక్కన పెట్టినా. రాయనివి మొదలు పెట్టినా. నారాయణ సారు మాదిరి తలకాయ వంచి, 'ఈరన్నా... రాముడూ...' అని పేర్లు పిలిస్తి. పిల్లోళ్లు బెంచీలు గుద్దుతాండారు. 'హుసేనమ్మా...' అంటి. సన్నగా దగ్గి, బొంగురు గొంతు పెట్టి 'ప్రెజెంట్ సార్' అంటి.

క్లాసంతా పడీ పడీ నగె. హెడ్మాస్టరు కూడా నగుకుంటానే, 'ఎవరి గొంతమ్మా అది?' అన్నాడు. మంచిగానే అడిగినాడు. నేను గొప్పగా, ఛాతీ ఎత్తి, 'హుసేనమ్మది సార్! ఏడాదిన్నర నుంచి మేమే పలుకుతాండాము!' అంటిని.

నోట్లో నుంచి వచ్చినాక తెలిసింది ఏమన్నానో.

బెంచీలు గుద్దేది ఆగె. మిల్లు చప్పుడు ఇనపడె. హుసేనమ్మ ఆ దినం వాళ్లమ్మ చీర కట్టుకోని రెండో వరసలో కూసోనుండె. నన్ను సూసింది. తిట్టినట్ల సూసింటే బాగుండు. అట్ల సూడలే. హాల్‌టికెట్లన్నీ హెడ్మాస్టరు టేబులు సొరుగులో ఉన్నాయి, మీటింగు అయినాక ఇస్తారు.

హెడ్మాస్టరు నగు ఆపేసి, 'నారాయణగారూ, రిజిస్టరు తెప్పించండి' అన్నాడు. పాపం నారాయణ సారు మొగం ఎట్లయిపాయెనో. ఆయన్ను గూడా నేనే నిలబెట్టితి గదా అందరి ముందర. నేను 'తప్పు నాది సార్' అని ఏదో అనబోతి, గొంతు రాలే. కప్పులూ పళ్లేలూ తెచ్చిన గొంతు!

అప్పుడు హుసేనమ్మ లేసి నిలబడె. 'సార్, పొద్దన నేను రాలేదు నిజమే. పాఠాలు మాత్రం వచ్చినాయి. అడగండి' అనె. ఆయమ్మ సొంత గొంతు. మేము పలికిన దానికంటే గట్టిగా ఉండె.

హెడ్మాస్టరు నారాయణ సారు తట్టు సూసినాడు. సారుకు కోపం ఉండదా మరి? 'లంబకోణ త్రిభుజం సిద్ధాంతం చెప్పు' అన్నాడు, సురుకుగా. పొద్దన పీరియడ్లో సెప్పిందే అది. నేను ఆయమ్మకు బట్టీ పట్టి ఒప్పజెప్పిందే, నాకే సరిగ్గా అర్థం కాలే.

హుసేనమ్మ సిద్ధాంతం తప్పు లేకుండా సెప్పె. సెప్పి ఆగిందా? ఆగలే. 'అంటే సార్, ఆ త్రిభుజం మూడు పక్కలకు మూడు సదరం పరుపులు కుట్టినామనుకోండి. సిన్న పరుపులు రెండింట్లో దూది తీసి పెద్దదాంట్లో పోస్తే సరిగ్గా పడతాది. మిగలదు, సాలకుండా పోదు. మూడూ ఒకటే మందం కుట్టాల సార్, లేకుంటే కుదరదు' అనె.

నారాయణ సారు అద్దాలు తీసినాడు. ఆయన కండ్లు అప్పుడే సూసినా నేను. 'ఒకటే మందం...' అని తనలో తాను అనుకున్నాడు. 'ఇన్నేండ్ల నుంచి చెప్తున్నాను, నాకు తట్టలేదే ఇది' అన్నాడు. మళ్ల హెడ్మాస్టరుతో, 'సార్, నేను తల ఎత్తి చూసుంటే ఇంతదాకా వచ్చేది కాదు. తప్పులో నాదీ ఉంది' అన్నాడు. అంత పెద్దాయన అట్లంటాడని ఎవరనుకుంటారు?

హెడ్మాస్టరు వచ్చిన రిజిస్టరును తెరవకుండానే పక్కన పెట్టినాడు. ఆనక లేసి, నన్ను పిలిచినాడు. 'ఏమ్మా సరోజా, ఆ అమ్మాయి బదులు గొంతు ఇచ్చినావు. బాగుంది. ఇక చేతులు కూడా ఇయ్యి. పరీక్షలకు ఇంకా ఇరవై దినాలుంది. రేపటి నుంచి హుసేనమ్మ పొద్దున బడిలో ఉండాల. ఆమె పని నువ్వు చెయ్యాల. ఆమె ఒక్కపూట రాలేదంటే ఇద్దరి హాల్‌టికెట్లూ నా సొరుగులోనే ఉంటాయి' అన్నాడు.

మరుసటి దినం పొద్దన్నే మేము అయిదు మందిమీ పోతిమి. శిక్ష నాకొక్కదానికే, నేను వద్దన్నా వాళ్లూ వచ్చిరి. పీరన్న మామ విల్లు ఆపి, 'ఏం పాపా, దండుగా వచ్చినారు?' అనె. 'హుసేనమ్మ బదులు వచ్చినాము మామా' అంటిమి. సంగతి ఇని, వాళ్లమ్మ లోపల్నుంచి దగ్గుకుంటానే నగె. మామ మాత్రం తలకాయ పట్టుకున్నాడు. 'మీరు కుడితే నా బేరం ఏం గావాల తల్లీ!'

అయినా కుట్టితిమి, వంతులేసుకోని, ఒకరు కుడితే ఒకరు పుస్తకం సదివేది. సేతి ఏళ్లన్నీ సూది పోట్లే. నేను కుట్టింది మామ మాపటేల ఇప్పేసి మళ్ల కుట్టుకుంటాండెనంట, నాకు తెలీకుండా! ఎంత మంచోడో సూడు.

అసలు ముచ్చట బడిలో జరిగింది. మొదటి దినం నారాయణ సారు తల బాగా పైకెత్తి పెట్టుకోని, 'హుసేనమ్మ' అని పిలిచినాడంట. హుసేనమ్మ ఎదురుగ్గానే కూసోనుంది. పలకలే! ఏడాదిన్నర నుంచి ఎవరో ఒకరు పలికేది గదా, ఆయమ్మకు అలవాటే లేదు. సారు మళ్ల పిలిచినాడు. అప్పుడు ఈరన్నగాడు, వాడి అలవాటు వాడిది, సన్నగా దగ్గి, 'ప్రెజెంట్ సార్' అనెనంట! సారు కూడా బోర్డు పట్టుకోని నగినాడంట.

పరీక్షలు రాస్తిమి. ఇద్దరం పాసయితిమి. లెక్కల్లో ఆయమ్మకు నాకంటే ఎక్కువొచ్చె. ఎన్నని అడగొద్దు, సెప్పను. ఆయమ్మ ట్రైనింగు అయి దేవనకొండ తట్టు పల్లెల్లో టీచరు పని జేసె, మొన్నటిదాకా. హాజరు తీసుకునేటప్పుడు ఒక్కొక్క పిల్ల మొగం సూసి గానీ టిక్కు కొట్టేది గాదంట. దొంగ దోవ దొంగకే గదా తెలిసేది! ఎవరన్నా రాకపోతే, మాపటేల వాళ్ల ఇంటికి పోతాండెనంట. అది మాత్రం నాకు సెప్పలే, వేరేవాళ్లు సెప్పిరి.

ఆ... బొంత. నా పెండ్లికి పీరన్న మామ తెచ్చిచ్చినాడు. 'ఇదొక్కటీ ఇప్పలేదమ్మా, గుర్తుకని పెట్టుకుంటి. నీ కుట్టు నీ దగ్గరే ఉండనీ, నా అంగట్లో పెడితే ఉన్న బేరం పోతాది' అనె. పెండ్లిలో అందరూ నగిరి. మీ నాయన దీంట్లోనే పెరిగినాడు. కుట్టు వంకరే గానీ ఒక్కటన్నా ఊడిందేమో సూడు.

ఇప్పటికీ ఆయమ్మ ఫోను జేస్తే 'ఏమ్మే సరోజా, ఉండావా?' అంటాది. నేను దగ్గి 'ప్రెజెంట్ సార్' అంటాను. ఇద్దరికీ ఇప్పుడు దగ్గు నేర్సుకోవాల్సిన పని ల్యా, అదే వస్తాది.

కాలేజీలో నువ్వు మాట్లాడే మీటింగు ఎప్పుడు, రేపా? బాగా మాట్లాడు తల్లీ. నగించు. నగించేటప్పుడు ఎదురుగ్గా ఎవరు కూసోనున్నారో ఒకసారి తలెత్తి సూసుకో. సల్లగుండు. నీ పేరు పిలిచినప్పుడు నువ్వు లేకపోయినా పలికేవాళ్లు నీకు అయిదు మందన్నా ఉండాల... ఆ బొంత ఇట్లియ్యి. అట్ల గాదు, కుట్లు లోపలికి పెట్టి మడుసు. ఊఁ... ఈరన్నకు గూడా ఒకసారి ఫోను జెయ్యాల, ఆ నంబరు యాడ రాసుకుంటినో...