ఇకముందు చేయను

శుక్రవారం సాయంత్రం. వెనక గదిలో తల్లి కూతురి తల దువ్వుతోంది. ముందు గదిలో తండ్రి మిషను కుడుతున్నాడు.

"మళ్ళీ మొదట్నుంచి చెప్పు."

"చెప్పానుగా అమ్మా."

"సగమే చెప్పావు. రేపు పొద్దున ఫాదర్‌గారి ముందు నీళ్ళు నములుతావా? మోకాళ్ళ మీద ఉన్నావనుకో. తెర అవతల ఆయన కూర్చున్నారు. ఊఁ."

"ఫాదర్, నన్ను దీవించండి. నేను పాపం చేశాను. ఇది నా మొదటి పాపసంకీర్తనం. పళ్ళెంలో అన్నం పిల్లికి పెట్టి తినేశానని చెప్పాను. పూజలో ఆవలించాను. పక్కింటి పిల్ల జడ లాగాను. దొంగతనం చేశాను."

"దొంగతనమా? ఏం దొంగిలించావే?"

"ఏం లేదు. పాపాలు మరీ తక్కువైతే ఫాదర్‌గారు నమ్మరంట. మా బెంచీ పిల్ల చెప్పింది. అందుకని ఒకటి కలిపాను."

"చేయని పాపం చెప్పడం అబద్ధం బుల్లీ. అదే ఒక పాపం."

"అయితే అది కూడా చెప్పాలా?"

"ముందు ఆ దొంగతనం తీసెయ్. తర్వాత?"

"తర్వాత ఇంకోటుంది."

"చెప్పు."

"నీకు చెప్పకూడదు."

"వేలెడంత లేవు, కన్నతల్లికి చెప్పకూడని పాపమేంటే?"

"క్లాసులో నువ్వేగా అన్నావు. ఫాదర్‌గారికి చెబితే చాలు, ఇంకెవరూ అడక్కూడదని. సత్యోపదేశం టీచరువి, నువ్వే అడిగితే ఎలా?"

"ఇక్కడ టీచర్ని కాదు, అమ్మని. కదలకు, చిక్కు పడింది. పోనీ, దేని గురించో చెప్పు చాలు."

"అబద్ధం గురించి."

"ఎవరికి చెప్పావు?"

"నాన్నకి."

"ఏమని?"

"అమ్మా, లాగుతున్నావు."

"ఏమని చెప్పావే?"

"నీకు తెలుసుగా. శనివారం శనివారం చెప్పేదే."

"మెల్లగా."

"మెల్లగానే చెప్తున్నా."

"ఇంకా మెల్లగా. మిషను ఆగింది."

"దారం ఎక్కిస్తున్నాడులే. ఇదిగో, మళ్ళీ మొదలెట్టాడు."

"నేను నిన్ను అబద్ధం చెప్పమన్నానా?"

"నాన్న అడిగితే అమ్మ జపమాల సంఘానికి వెళ్ళిందని చెప్పమన్నావు."

"సంఘానికి వెళ్ళడం లేదా మరి?"

"వెళ్తావు. మొదటి పది పూసలయ్యేదాకా ఉంటావు. తర్వాత పక్క గుమ్మంలోంచి వచ్చి బస్సెక్కుతావు. అన్నయ్య దగ్గరికి."

"ఎవరు చెప్పారు నీకు ఇదంతా?"

"ఒకసారి నన్నూ తీసుకెళ్ళావుగా. టైర్ల కొట్టు మీద గది. కుర్చీ లేదని అన్నయ్య నన్ను బకెట్టు బోర్లించి కూర్చోబెట్టాడు."

"తీసుకెళ్ళి తప్పు చేశాను."

"అమ్మా, అన్నయ్య చేసింది చావైన పాపమా, నరకానికి పోయేంత పెద్దదా?"

"ఏం చేశాడని?"

"ఫాదర్ అవ్వకుండా సెమినరీ నుంచి వచ్చేశాడుగా."

"అది పాపం కాదు. చిన్న పాపం కూడా కాదు. దేవుడి పిలుపు లేదనిపించింది, వచ్చేశాడు. లేని పిలుపు ఉందని పీఠం ఎక్కితే అదీ పాపం."

"మరి నాన్న గడప తొక్కొద్దన్నాడేం?"

"కొడుకు ఫాదర్ అవుతున్నాడని మీ నాన్న గుడి మెట్ల మీద నిలబడి కనిపించినవాళ్ళందరికీ చెప్పుకున్నాడే. వాడి మొదటి పూజకి వస్త్రం తనే కుట్టాడు. అంచుకి పువ్వులు చేత్తో కుట్టాడు, మిషను పెట్టలేదు. వాడు పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఈయనకి తల కొట్టేసినట్టయింది. ఒక మాట అనేశాడు. అన్న మాట వెనక్కి తీసుకోవడం మీ నాన్నకి పుట్టుకతో రాదు."

"ఆ వస్త్రం ఏమైంది?"

"నీకెందుకు? తల వంచు. చూడు బుల్లీ, ఆ శనివారాల సంగతి రేపు చెప్పొద్దు. అది నీ పాపం కాదు. నేను చెప్పమంటే చెప్పావు. నా లెక్కలోది."

"ఒకటి చెప్పి ఒకటి దాస్తే అన్నీ దాచినట్టే అన్నావు క్లాసులో."

"అన్నాను."

"చెప్పనా వద్దా?"

"సరే, చెప్పు. ఫాదర్‌గారి నోరు దాటదు. తల తీసినా చెప్పరు. నాకు ఆ భయం లేదు."

"నాకుంది."

"నీకెందుకు భయం?"

"పాపాలన్నీ చెప్పాక మనస్తాప జపం చెప్పాలిగా. ఇకముందు ఈ పాపం చేయను అని. రేపు పొద్దున దేవుడికి అలా చెప్తాను. రేపు సాయంత్రం నువ్వు వెళ్ళాక నాన్న, మీ అమ్మేదే అంటాడు. అప్పుడేం చెప్పను?"

"ఎప్పుడూ చెప్పేదే."

"పొద్దున చేయనని, సాయంత్రం చేయనా?"

"పెద్దవాళ్ళం మేమే ఎన్నిసార్లు..."

"మళ్ళీ చేస్తానని తెలిసి, చేయనంటే అది పాపసంకీర్తనం కాదు, దేవుడితో ఆటలు అన్నావు. నల్లబల్ల మీద రాశావు కూడా. ఎల్లుండి నాలుక మీద దివ్యసత్ప్రసాదం పెట్టించుకోవాలి నేను. ఆటలాడి పెట్టించుకుంటే ఏమవుతుంది?"

"ఏమీ అవదు."

"క్లాసులో అలా చెప్పలేదు నువ్వు."

"అబ్బ, క్లాసు క్లాసు. నేను చెప్పిందే నాకు అప్పజెప్తావేంటే? ష్, నాన్న వస్తున్నాడు."

"బుల్లీ, ఎల్లుండి గౌను ఇది, తొడుక్కుని ఇలా నిలబడు. చేతులెత్తు."

"నాన్నా, గుచ్చుకుంటోంది."

"గుండుసూది మరి. కదిలితే గుచ్చుకోదా? ఈ చెయ్యి. ఆఁ. ఏంటి, పాపాలన్నీ తేలాయా?"

"తేలుతున్నాయి నాన్నా."

"మీ అమ్మవి కూడా కలిపి చెప్పెయ్. ఒకేసారి పనైపోతుంది."

"నా పాపాలు నేను చెప్పుకోగలను లెండి. దానికి నేర్పక్కర్లేదు."

"నవ్వులాటకి అన్నానే. భుజాలు తడుముకుంటావేం? రేపు సంఘం ఉందా?"

"ఉంది. ఏం?"

"ఊరికే. ఈమధ్య మీ జపమాల పొడుగైనట్టుంది. దీపాలు పెట్టాక గానీ రావడం లేదు."

"పోయినవాళ్ళ కోసం కూడా చెప్తున్నాం. అడిగినవాళ్ళందరి కోసం చెప్పాలి కదండీ."

"బతికున్నవాళ్ళ కోసం చెప్పరా?"

"చెప్తాం."

"మంచిది. చెప్పండి. చంక దగ్గర కాస్త వదులు చేస్తానే, ఎదిగే పిల్ల. గౌను విప్పి ఇవ్వు తల్లీ. జాగ్రత్త, సూదులున్నాయి."

"ఇదిగో నాన్నా."

"తలుపు దగ్గరికి వెయ్యి బుల్లీ. నాన్న మిషను ముందు కూర్చున్నాడా?"

"కూర్చున్నాడు. మిషను వినిపిస్తోందిగా."

"విన్నావా ఆ మాటలు? పొడుగైందట. బతికున్నవాళ్ళట. అనుమానం వచ్చింది. ప్రతివారం వచ్చీ రాగానే నిన్ను అడుగుతున్నాను, నాన్న నమ్మాడా అని. నమ్మాడనేగా చెప్పావు?"

"అలాగే చెప్పాను."

"మొహం అదేం? నిజమేనా?"

"అమ్మా, రేపొక్కరోజు మానెయ్యి."

"కుదరదు."

"పోయిన వానల్లో ఒకసారి మానేశావుగా."

"మానేస్తే వాడు చీకటి పడేదాకా బస్సు ఆగే చోట నిలబడ్డాడు. తర్వాతి వారం వెళ్ళి, ఆరోజు ఏమైనా తిన్నావా అంటే, నువ్వు తెస్తావనుకున్నా అన్నాడు. వాడు వారమంతా టైర్లకి గాలి కొడతాడు, గదిలో పడుకుంటాడు. నోరు విప్పి మాట్లాడేది నాతోనే. పైగా రేపు చెప్పాలి వాడికి, ఎల్లుండి గుడికి రావొద్దని. చెల్లెలి మొదటి సత్ప్రసాదం చూస్తాను, వెనక బెంచీలో కూర్చుంటాను అంటున్నాడు. మీ నాన్న చూస్తే పూజ మధ్యలో లేచి వెళ్ళిపోతాడు. నీ పండగ కాస్తా పాడవుతుంది."

"అన్నయ్య వస్తానన్నాడా?"

"నవ్వకు. చూడు, ఒక పని చెయ్. నాన్న అడిగితే, అమ్మ బయటికెళ్ళింది అను. అది అబద్ధం కాదు."

"ఎక్కడికి అంటాడు."

"తెలీదను."

"తెలుసుగా."

"గుడివైపు వెళ్ళింది అను. గుడివైపే కదా వెళ్తాను."

"అమ్మా."

"ఏం?"

"క్లాసులో మా బెంచీ పిల్ల ఇలాగే అడిగితే, నాలుక మడతపెట్టినా అబద్ధం అబద్ధమే అన్నావు. దాన్ని నిలబెట్టావు కూడా."

"నిలబెట్టాను."

"ఏడుస్తున్నావా?"

"లేదు. ఎదుటివాళ్ళకి చెప్పడానికేనే నీతులు. నా కూతురు మొదటిసారి దేవుడి ముందు మోకరిస్తుంటే వెనక నిలబడి దానికి దొంగమాటలు అందిస్తున్నాను. ఒక బిడ్డ కోసం ఇంకో బిడ్డ గొంతులో ముల్లు గుచ్చుతున్నాను."

"నాకేం గుచ్చుకోలేదు."

"చాల్లే. ఇటు తిరుగు. నువ్వు రేపు అన్నీ చెప్పు. ఇకముందు చేయనని కూడా చెప్పు. నిజంగానే చెప్పు. సాయంత్రం నీకు ఆ అవసరం రాదు."

"ఎందుకు రాదు?"

"నేనే చెప్పేస్తాను నాన్నకి. ఇప్పుడే. ఎన్నాళ్ళయినా తెలియాల్సిందే."

"నాన్న కోప్పడితే?"

"పడనీ."

"ఇక వెళ్ళొద్దంటే?"

"అంటాడు. ఒట్టు వేయించుకుంటాడు. నేను వేస్తే తప్పను, అదీ ఆయనకి తెలుసు."

"మరి అన్నయ్య?"

"అన్నయ్యని దేవుడు చూసుకుంటాడు. చెయ్యి వదులు."

"వద్దమ్మా."

"చెయ్యి వదులు బుల్లీ. ఇప్పుడు కాకపోతే నాకు మళ్ళీ నోరు రాదు."

"వెళ్ళకు. నువ్వు చెప్తే నేను నాన్నకిచ్చిన మాట పోతుంది."

"నాన్నకి ఏం మాటిచ్చావు?"

"నీకు చెప్పకూడదన్నానే, అదే. నాన్నకి చెప్పిన అబద్ధం నీకెలాగూ తెలుసు. ఇది నీకు చెప్పింది."

"నాకా? నాకేం అబద్ధం చెప్పావే?"

"నాన్న నమ్మాడని."

"నమ్మలేదా?"

"మొదటిరోజే నమ్మలేదు. నేను జపమాల సంఘం అంటూ శిలువ గుర్తు వేసుకున్నానంట. నిజం చెప్పేవాళ్ళు మధ్యలో శిలువ గుర్తు వేసుకోరే అన్నాడు."

"అప్పుడు నిజం చెప్పేశావా?"

"చెప్పలేదు. అన్నయ్య ఎలా ఉన్నాడు, చిక్కాడా అని ఆయనే అడిగాడు."

"తెలిసీ... మరి ప్రతివారం నిన్ను ఎందుకు అడుగుతున్నాడు, మీ అమ్మేదీ అని?"

"అడక్కపోతే నీకు అనుమానం వస్తుందంట. 'అమ్మకి నేను నమ్మానని చెప్పు తల్లీ. నాకు తెలుసని తెలిస్తే భయపడి మానేస్తుంది. నేను అన్న మాట దాటలేను. వాడి దగ్గరికి మీ అమ్మన్నా వెళ్ళాలిగా' అన్నాడు."