ఐదు దాటితే

హలో… ఆఁ, నేనేరా, అక్కని. గ్రీన్‌రూమ్ నుంచి. ఇంకో పావుగంటలో నాటకం మొదలు, హాలు నిండిపోయింది, నువ్వు పెట్టిన తాళం రావట్లేదు!

…దుస్తుల గదిదేరా! ఇంకే గదికి పెట్టావ్?

…నొక్కాం. ఐదుగురం ఫోన్లలో 'సరే' నొక్కాం. మా రాజు వేషంవాడైతే రెండుసార్లు నొక్కాడు. పాపం, తువ్వాలు కట్టుకుని నిలబడ్డాడు.

…నవ్వకు, ఒళ్లు మండుతోంది! పోయినసారి కిరీటం మాయమైతే, "స్మార్ట్ కాంట్రాక్ట్ అని తాళానికో ప్రోగ్రామ్ రాస్తానక్కా, సభ్యులు ఐదుగురూ ఒప్పుకుంటేనే తలుపు తీస్తుంది" అని కోతలు కోసిందెవరు?

…చూడు, నీ కోడ్ నువ్వే చూడు. లైన్లోనే ఉన్నా…

…ఏంట్రా, దొరికిందా తప్పు?

…'ఐదు దాటితే' అని రాశావా? ఒరే, మేమున్నదే ఐదుగురం! దాటడానికి ఆరోవాణ్ణి ఎక్కణ్ణుంచి తేను?

…సరే, మార్చెయ్ మరి.

…ఒకసారి ఎక్కించాక నువ్వు కూడా వేలు పెట్టలేవా? అదే దాని గొప్పా? తగలెయ్!

…కొత్త సభ్యుణ్ణి చేర్చుకోవచ్చా? హమ్మయ్య, ఆ ముక్క ముందే…

…దానికీ ఐదు దాటాలా!

…ఎక్కించే ముందు ఇంకొకరు చదివి 'చూశాను' అని నొక్కాలన్నావుగా? ఎవరా మహానుభావుడు? ఇప్పుడే కడిగేస్తా.

…ఎవరూ?

…నేనా?

…రిహార్సల్లో ఉన్నాన్రా… తమ్ముడు రాశాడు కదా అని నొక్కేశా.

…అక్క చూస్తుంది కదా అని నువ్వు రాసేశావ్. బాగున్నాం ఇద్దరం!

…ఉండు… ఏంటి వడ్రంగి బాబాయ్?… ఒరే, తలుపు బందులు బయటివైపే ఉన్నాయట. స్క్రూలు విప్పుతున్నాడు.

…అది నీ కోడ్‌లో లేదులే.

…వచ్చేసింది! తలుపే ఊడొచ్చింది! తాళం మాత్రం చెక్కుచెదరలేదురా, ఒట్టు!

…అయ్యో, గంట కొట్టేశారు. ఆలస్యమెందుకో జనానికి చెప్పాలి.

…'సాంకేతిక కారణాలా'? చాల్లే. చదవకుండా 'చూశాను' నొక్కింది నేనేనని చెప్తా. సిగ్గేస్తోంది, అయినా చెప్తా. రేపు పొద్దున్నే రా, ఈసారి ప్రతి లైనూ పక్కన కూర్చుని చదివించు.

…నీ పేరా? అది చెప్పాలంటే ఐదు దాటి ఒప్పుకోవాలిగా. బతికిపోయావ్, పెట్టెయ్!