మూడు రోజుల చక్రవర్తి

రోము సామ్రాజ్యంలోని సిస్కియా ఊరి టంకశాలలో నాణేల మీద సమ్మెట కొట్టే ఉర్సోకి మధ్యాహ్నం విరామం దొరికితే చాలు, సావా నది ఒడ్డున బస్సిల్లా సారాకొట్టులో వాలేవాడు. భర్త పోయాక ఆ కొట్టు నడుపుకుంటూ, ఎవరికీ తలొంచకుండా బతుకుతున్న మనిషి ఆమె. తనను పెళ్లాడమని ఉర్సో నెల రోజులుగా ప్రాణం తీస్తున్నాడు. ఇవాళ ఆమె జవాబు చెప్పాలి.

"మొదట నేను అచ్చు మీది ధూళి ఊదానంతే," అన్నాడు ఉర్సో, పడవవాడు వెర్జో పక్కన చతికిలబడి. "ఊదానో లేదో, చక్రవర్తిగారి వంకర ముక్కు చక్కబడిపోయింది! ఆ నాణెం చూసి రాణిగారు మొగుణ్ణి మళ్లీ ప్రేమించింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ముక్కు మళ్లీ వంకరపోయుంటుందిలే మావా," అన్నాడు వెర్జో.

"నోర్ముయ్. గాల్ దేశంలో ఒకడు తిరగబడి తానే చక్రవర్తినన్నాడు. అలాంటివాడు ముందు చేసే పనేమిటి? తన బొమ్మతో నాణేలు కొట్టించడం. సైనికుడి చేతిలో ఎవడి ముఖం ఉంటే వాడే ప్రభువు గదా! అందుకని మా చక్రవర్తి ముఖాన్ని ఎంత ఉగ్రంగా కొట్టానంటే, అక్కడ మూటలు విప్పగానే నాణేలు కళ్లురిమాయి. ముప్పై వేలమంది కత్తులు పారేసి ఏడ్చారు."

"గీకితే పోయే వెండిపూత చూసి ఏడ్చుంటారు," అంది బస్సిల్లా పప్పు కలియబెడుతూ.

"నవ్వండి! ఇంకోరోజు మత్తులో నా ముఖమే అచ్చేశాను. తెల్లారేసరికి సంచులు దాన్యూబ్ దాటేశాయి. దండులన్నీ నాకు మోకరిల్లాయి. మూడు రోజులు, బస్సిల్లా, మూడు రోజులు రోము సామ్రాజ్యం నాదే! పారశీక రాజు నా బట్టతల చూసి సూర్యుడనుకుని దణ్ణం పెట్టాడు. విసుగొచ్చి నేనే దిగిపోయాను. నువ్వు ఊ అను, రేపే నీ ముఖం బంగారు నాణెం ఎక్కిస్తాను, మహారాణిగా!"

బస్సిల్లా గరిటె దించింది. ఉర్సో వదిన గుర్తొచ్చింది ఆమెకు. స్వతంత్రురాలిగా పుట్టిన పిల్ల. టంకశాలవాణ్ణి చేసుకున్న పాపానికి చట్టం ఆమెనూ టంకశాల సొత్తుగా పట్టీలో రాసేసింది, పుట్టబోయే పిల్లలతో సహా. తల్లి చావుబతుకుల్లో ఉందని కబురొచ్చినా ఊరు దాటనివ్వలేదు.

"మూడు రోజులు ఏలావు గదా," అంది. "మీవాణ్ణి కట్టుకున్న ఆడది టంకశాలకు బానిసవ్వాలనే ఆ ఒక్క చట్టం కొట్టేయడానికి తీరిక దొరకలేదా?"

ఉర్సో బట్టతల గోక్కున్నాడు. "అదా... అంత పెద్ద విషయమని తోచలేదు."

"నాకు తోచింది. అదే నా జవాబు."

అంతలో టంకశాల గంట మోగింది. చక్రవర్తులను నిలబెట్టిన ఉర్సో కప్పు సగంలో వదిలేసి, హాజరు పలకడానికి పరుగెత్తాడు. ఆలస్యమైతే కొరడాదెబ్బలు మరి.