కింది పొలం ఎవరు దున్నారు?

“అడేలార్, కింది పొలం ఎవరో దున్నేశారు!”

పరానా రాష్ట్రంలో కొండవాలు మీద ఒక ఇల్లు. చెల్లెలికి ఆపరేషనని కురిచీబా నగరానికి వెళ్ళి నాలుగు నెలలు అక్కడే ఉండిపోయిన ఇవోనే నిన్న సాయంత్రమే తిరిగొచ్చింది. పొద్దున్నే పొలం చూడబోయి, ఎర్రమట్టి కాళ్ళతోనే మొగుడున్న వంటింట్లోకి వచ్చింది.

“ముందు కూర్చో. మాతే టీ కలిపాను, వేడిగా తాగు.”

“తాగడమా? ఆ నేలలో నాగలి ఇనుము దిగి ఇరవై రెండేళ్ళయింది! దున్నకుండానే విత్తుకుంటున్నాం. నాన్న పోయేరోజు కూడా ‘దున్నొద్దు’ అనే అన్నాడు. కూతుర్ని బాగా చూసుకోమని కూడా నీకు చెప్పలేదు.”

“చెప్పలేదు. నాకూ గుర్తుంది.”

“ఓట్స్ పైరంతా తలకిందులైంది. వానపాములు ముక్కలు ముక్కలు. పిట్టలు విందు చేసుకుంటున్నాయి.”

“ఎప్పుడు జరిగిందో ఏమో...”

“నన్నడుగుతావేం? ఇక్కడున్నది నువ్వు!”

“ఆవులు, పాలు, మళ్ళీ ఆవులు. ఒక్కణ్ణి. ఎటని చూడను?”

“చూడకపోతే పోనీ, వినపళ్ళేదా? ట్రాక్టరు పాక పక్కనే కదా తిరిగింది.”

“పాలు పితికే మిషను మోతలో ఏం వినపడుతుంది?”

“ఇది నెరేయు పనే. మొదట్నుంచీ మనల్ని చూస్తే వాడికి ఏడుపు. వానొస్తే వాడి మట్టి ఏట్లోకి పోతుంది, మనది పోదు.”

“నెరేయు మంచాన పడి నెలయింది. నడుము.”

“పక్కింటివాడు మంచాన పడితే నాకు చెప్పవా?”

“ఫోన్ చేసినప్పుడల్లా పొలం సంగతే అడుగుతావు.”

“అయితే పోలీసుల్ని పిలుస్తాను.”

“పోలీసులా? పొలం దున్నారని కేసు పెడతావా? నవ్విపోతారు, ఇవోనే.”

“నవ్వనీ. మధ్యాహ్నం పెద్ద వానట. ఆ వాలు మీద ఇప్పుడు కప్పుకోడానికి గడ్డి లేదు, పట్టుకోడానికి వేరు లేదు. పైమట్టంతా ఏట్లో కలుస్తుంది. లే, పాకలో ఉన్న ఎండుగడ్డంతా తెచ్చి పరిచేద్దాం.”

“పరిచేద్దాం.”

“అంటూ కూర్చుంటావేంటి? లే!”

“లేస్తాను. ఈ గుక్క తాగనీ.”

“బస్సులో వస్తున్నంతసేపూ ఆ ఊదాపూలే కళ్ళముందు. ఓట్స్‌కి ఆ చిక్కుడు జాతి వెచ్ తీగ అల్లుకుని... ఎన్నిసార్లు చెప్పాను, రెండూ కలిపి చల్లాలని? వట్టి ఓట్స్ గడ్డే పరిస్తే, అది కుళ్ళేటప్పుడు నేలలోని నత్రజని అదే తినేస్తుంది, మొక్కజొన్న పసుపు తిరిగిపోతుందని...”

“చాలాసార్లు చెప్పావు.”

“దున్నితే మాత్రం, ఎక్కడో ఒక తీగ ముక్కయినా కనపడాలి కదా? గట్టు పక్కన దున్నకుండా మిగిలిన చోట కూడా ఒక్క పువ్వు లేదు. ఒక్కటి! నావైపు చూడు, అడేలార్.”

“చూస్తున్నా.”

“నేలవైపు చూస్తున్నావు.”

“వెచ్ విత్తనాల బస్తా ట్రాలీ మీదే వదిలేసి నిద్రపోయాను. అంత అలిసిపోయాను. మూడు రోజులు వాన. మొలకలొచ్చి కంపు కొడితే పారేశాను. వట్టి ఓట్సే చల్లాను. చెబుదామనే ఫోన్ ఎత్తేవాణ్ణి. పూలు పూశాయా అని నువ్వడిగేదానివి, పూశాయనేవాణ్ణి. మొన్న బుధవారం ఫోన్లో, వచ్చేస్తున్నానన్నావు. దున్నేస్తే పూల సంగతి ఎవరూ అడగరనుకున్నాను. మంచం మీదున్న నెరేయుని బతిమాలి డిస్క్ నాగలి తెచ్చాను. నేనే దున్నాను, ఇవోనే.”